కాలువగట్టు రోడ్లకు సూపర్‌మోటో బండి నప్పుతుందా?

నేను రోజూ అమలాపురం నుంచి రాజోలు వైపు కాలువగట్ల మీదుగా, అప్పుడప్పుడు 216వ జాతీయ రహదారిపై చించినాడ వంతెన దాటి నరసాపురం వరకు ప్రయాణిస్తుంటాను. నల్లరేగడి కుంగి అలలు తేలిన తారురోడ్డు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే దిగక తప్పని మట్టి అంచు, చేపల లారీల నుంచి కారిన నీటితో జారుడుగా మారిన మలుపులు ఇక్కడివారికి తెలియనివి కావు.

అందుకే ఎత్తైన సస్పెన్షన్, వెడల్పాటి హ్యాండిల్, తక్కువ బరువు, తారురోడ్డును గట్టిగా పట్టుకునే 17 అంగుళాల చక్రాలు గల సూపర్‌మోటో తీరు బండి (మట్టిదారి బండికి తారురోడ్డు చక్రాలు వేసిన రకం) నన్ను ఆకర్షిస్తోంది. ఎత్తైన సీటు నాకు పెద్ద ఇబ్బంది కాదు గానీ, సన్నని సీటుపై వెనుక కూర్చునే మా అమ్మగారికి అది శిక్షే అవుతుంది.

మట్టిదారులకూ పనికొచ్చే హీరో ఎక్స్‌పల్స్ 200 బండి కొని, దాని ముందరి 21, వెనుకటి 18 అంగుళాల చక్రాల స్థానంలో 17 అంగుళాలవి వేయించమని మెకానిక్ సలహా. అలా చేస్తే నేల నుంచి బండి ఎత్తు తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగంకన్నా ఎక్కువ చూపుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులు చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

ఇటువంటి మార్పు చేయించినవారు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనితీరు, బీమా క్లెయిము, వానాకాలంలో తడి మట్టిపై పట్టు ఎలా ఉన్నాయో దయచేసి తెలియజేయగలరా? లేక చక్రాలు మార్చకుండా, తారురోడ్డుకు తగిన టైర్లు మాత్రమే వేయించుకోవడం మేలంటారా?