లాక్‌డౌన్‌లో వీడియో గేమ్స్: ఊరటా, మొహం చాటేయడమా?

ఒంటినిట్టాడు:
ఎవర్ని కదిపినా ఒకటే పాట: "ఆ రోజుల్లో గేమ్స్ లేకపోతే పిచ్చెక్కిపోయేది." ఈ మాట నాకు అంత సులువుగా మింగుడు పడట్లేదు.

గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చడానికి 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. ఏడాది తిరక్కుండా, 2020 మార్చి నెలాఖరులో, పెద్ద గేమ్ కంపెనీలు కొన్ని కలిసి "ప్లే అపార్ట్ టుగెదర్" అంటూ ప్రచారం మొదలుపెడితే అదే సంస్థ దానికి వత్తాసు పలికింది. ఎవరింట్లో వాళ్లుండి కలిసి ఆడుకోండని. జనాన్ని గడప దాటకుండా ఆపడానికి అప్పుడు ఏదో ఒకటి కావాలి, నిజమే. అంతమాత్రాన ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగాలా?

నా లెక్క ఇది. ఊరట అంటే కాసేపు పక్కకు వెళ్లి, తిరిగొచ్చాక ఉన్న కష్టాన్ని ఎదుర్కోగలగడం. తిరిగొచ్చేసరికి కష్టం అలాగే ఉండి, దాని మీద నిద్రలేమి కూడా చేరితే అది ఊరట ఎలా అవుతుంది? మనలో చాలామంది చేసింది రెండోదే. వార్తలు చూడలేక గేమ్‌లో దూరాం. ఫోన్ చేయాల్సిన వాళ్లకు చేయలేదు. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి, వింటాను. "బూమర్" (పాతకాలం మనిషి) అని తిట్టి పోయేవాళ్లు పోవచ్చు.

ఊరికే వచ్చా:
తిట్టను గానీ ఒక్క డౌటు. ఆ రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా వెబ్ సిరీస్‌లు చూసినవాళ్లని ఎవరూ ఇలా బోనులో నిలబెట్టరేం? నవల పట్టుకుని కూర్చుంటే "మంచి అలవాటు", జాయ్‌స్టిక్ పట్టుకుంటే "మొహం చాటేయడం".

ఒంటినిట్టాడు:
వాటికి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడా తిడతాను.

వానకోయిల:
ఒంటినిట్టాడు గారూ, ఫోన్ చేయాల్సిన వాళ్లకు చేయలేదన్నారు. నా విషయంలో జరిగింది దానికి పూర్తిగా ఎదురు.

నాకు పాజిటివ్ వచ్చినప్పుడు చివరి గదిలో పెట్టారు. తలుపు బయట స్టూలు, దాని మీద గిన్నెలు. తమ్ముడు పక్క గదిలోనే ఉన్నాడు, మధ్యలో ఒక్క గోడ. మొదట్లో ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. రెండు ముక్కలు మాట్లాడేసరికి నాకు దగ్గు తెర వచ్చేది, అటు వాడు బిగుసుకుపోయేవాడు. "ఎలా ఉందక్కా" అని అడగాలంటే వాడికి భయం, "బాగానే ఉంది" అని చెప్పాలంటే నాకు ఊపిరి చాలదు. అప్పుడు వాడే మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టుకునే గేమ్‌లో, ఒక లోకం తెరిచి నన్ను రమ్మన్నాడు. మైక్ లేదు, చాటింగ్ లేదు. నా బొమ్మ ఒకసారి గెంతితే అవునని, అటూ ఇటూ తల తిప్పితే కాదని. చెట్లు కొట్టడం, గోడ కట్టడం, చీకటి పడితే ఇంట్లోకి పోవడం, అంతే. మధ్యలో నేను కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. లేచి చూస్తే నా బొమ్మ చుట్టూ వాడు గోడ కట్టి, నాలుగు కాగడాలు పెట్టి ఉంచేవాడు, రాక్షసులు రాకుండా.

దీన్ని ఏమంటారో మీరే చెప్పండి. నేను దేన్నుంచి పారిపోయాను? జ్వరం నుంచా? అది ఎక్కడికీ పోలేదు, నేనూ పోలేదు. తమ్ముడితో ఉండటానికి నాకు దొరికిన చోటు అదొక్కటే.

ఇద్దరు పిల్లల నాన్న:
వానకోయిల గారూ, చదువుతుంటే గుండె పట్టేసింది. కానీ మీది అక్కాతమ్ముళ్ల కథ. మా ఇంట్లో నడిచింది యుద్ధం.

పెద్దవాడు ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడేవాడు. అన్నానికి పిలిస్తే "ఒక్క మ్యాచ్ నాన్నా". వాళ్లమ్మ "ఆపేసి రా, తిన్నాక మళ్లీ మొదలుపెట్టు" అనేది. "దాన్ని ఆపడం కుదరదమ్మా!" అని వీడు అరిచేవాడు. ఎదురు చెప్తున్నాడని మేం అరిచేవాళ్లం. స్కూలు మళ్లీ తెరిచాక కూడా ఆ అరుపులు ఆగలేదు. ఊరట అయితే అవసరం తీరాక పోవాలి కదా?

పాత జాయ్‌స్టిక్:
సార్, మీవాడు నిజమే చెప్పాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌కి పాజ్ బటన్ ఉండదు. అవతల బోలెడుమంది ఆడుతుంటారు, మీవాడి కోసం ఆట ఆగదు. సగంలో వదిలేస్తే జట్టు ఓడుతుంది, ర్యాంకు పడిపోతుంది, పదేపదే వదిలేస్తే చాలా గేముల్లో కొంతసేపు లోపలికే రానివ్వరు. ఇటు అమ్మ పిలుపు, అటు దోస్తుల తిట్లు. ఆ వయసులో ఎవరికి భయపడతాడు?

అసలు ఈ చర్చలో "గేమ్స్" అని అన్నిటినీ ఒకే గాటన కట్టడమే నాకు నచ్చట్లేదు. 2020 మార్చి 20న రెండు పెద్ద గేమ్స్ ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకటి డూమ్ ఎటర్నల్, నరకం నుంచి వచ్చిన రాక్షసుల్ని ఊచకోత కోయడమే పని. రెండోది యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్, దీవి మీద గుడారం వేసుకుని చేపలు పట్టుకోవడం. మొదటిది ఊపిరి తిప్పుకోనివ్వదు. రెండో దాంట్లో గడియారం మన గడియారమే. బయట రాత్రయితే అక్కడా రాత్రి. దుకాణం రాత్రి పదింటికి మూసేస్తారు. తవ్వుకోవడానికి శిలాజాలు రోజుకు నాలుగో ఐదో దొరుకుతాయి, తర్వాత రేపు రావాల్సిందే. బయట తేదీలు వారాలు కలిసిపోయి ఏ రోజు ఏదో తెలియని కాలంలో, ఆ గేమ్ జనానికి ఒక పొద్దూ ఒక మాపూ ఇచ్చింది. మొదటి ఆరు వారాల్లో 1.34 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయంటే ముద్దొచ్చే బొమ్మలొక్కటే కారణం అనుకోను. పెళ్లి వాయిదా పడ్డవాళ్లు అందులో పెళ్లి చేసుకున్నారు.

అమాంగ్ అస్ సంగతి ఇంకో రకం. 2018లో వచ్చింది, రెండేళ్లు దాని మొహం చూసినవాడు లేడు. 2020 వేసవి తర్వాత ఒక్కసారిగా ఎగిసింది. ఎంతగా అంటే, రెండో భాగం తీస్తామని ఆగస్టులో ప్రకటించిన డెవలపర్లు సెప్టెంబరుకల్లా ఆ ఆలోచన మానుకుని పాత గేమునే బాగుచేసుకుంటూ కూర్చున్నారు. మామూలు ఫోన్లో నడుస్తుంది. పది మంది చేరి "నువ్వే దొంగ" అని అరుచుకోవడమే ఆటంతా. నలుగురు ఒకచోట కూర్చుని అరుచుకునే భాగ్యం లేని కాలంలో అది ఎందుకు పేలిందో వేరే చెప్పాలా?

మీవాడి గేమ్‌లో ఇంకొకటి ఉంటుంది, సీజన్ పాస్. డబ్బు కట్టి కొన్నా, ఇన్ని వారాల్లోపు ఇన్ని మెట్లు ఎక్కకపోతే బహుమతులు పోతాయి. లాక్‌డౌన్ అయిపోయినా సీజన్ అయిపోదు, ఒకటి ముగియగానే ఇంకొకటి. అవసరం తీరాక పోవాలి కదా అన్నారు. పోకుండా పట్టి ఉంచే ఏర్పాటు అది. కోపం ఏదైనా ఉంటే దాని మీద చూపించండి.

ఇద్దరు పిల్లల నాన్న:
పాస్ గురించి తెలియదు. కార్డు నాదే, కొనిచ్చిందీ నేనే. ఇవాళ అడుగుతాను.

లెక్కల పిచ్చి:
ఎవరి అనుభవం వాళ్లు చెప్తున్నారు కాబట్టి కాస్త లెక్కలు కూడా.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2020 నవంబరులో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఎంతసేపు ఆడారో ఆడేవాళ్లని అడిగితే సరిగ్గా చెప్పలేరు, కాబట్టి కంపెనీల దగ్గర్నుంచే ఆట సమయం తీసుకున్నారు. గేమ్స్ రెండు, అందులో ఒకటి పైన చెప్పిన యానిమల్ క్రాసింగే. 3,274 మంది. ఎక్కువసేపు ఆడినవాళ్లు కొంచెం ఎక్కువ హాయిగా ఉన్నట్టు తేలింది. చాలా పేపర్లు "గేమ్స్ ఆడితే మనసుకు మంచిది" అని ఎత్తుకున్నాయి. కానీ హాయిగా ఉన్నవాళ్లే ఎక్కువ ఆడారేమో? అదే బృందం 2022లో 7 గేమ్స్, దాదాపు 39 వేల మందితో మళ్లీ చూస్తే, ఆడిన సమయం వల్ల మంచీ చెడూ రెండూ పెద్దగా కనిపించలేదు.

నాకు బాగా నచ్చింది జపాన్ అధ్యయనం. అప్పట్లో కన్సోళ్లకు, అంటే గేమ్స్ ఆడుకునే యంత్రాలకు, కరువు. దొరక్క, దుకాణాల వాళ్లు లాటరీ తీసి అమ్మారు. లాటరీ గెలవడం అదృష్టమే గానీ మనసు బాగుండటం వల్లో బాగుండకపోవడం వల్లో జరిగేది కాదు. కాబట్టి గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కన్సోల్‌దే అనుకోవచ్చు. 2020 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా, 10 నుంచి 69 ఏళ్ల వాళ్ల దగ్గర్నుంచి 97,602 జవాబులు తీసుకున్నారు. 2024లో ప్రచురించారు. కన్సోల్ చేతికొచ్చినవాళ్లకు మనసులో కలత తగ్గింది, జీవితం మీద తృప్తి పెరిగింది. అయితే రోజుకు మూడు గంటలు దాటాక ఆ లాభం సన్నగిల్లుతూ పోయింది.

ఇంకో మాట. ఒంటినిట్టాడు గారు చెప్పిన గేమింగ్ డిజార్డర్ నిర్వచనంలో ఇన్ని గంటలు దాటితే జబ్బు అని లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుండటం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం. లాక్‌డౌన్లో నాలుగు నెలలు తెగ ఆడి తర్వాత ఉద్యోగంలో పడ్డవాడు ఆ కొలతలో ఇమడడు.

ఒంటినిట్టాడు:
లెక్కలు బాగున్నాయి. కానీ మీ లాటరీ కథలోనే నా తర్వాతి ప్రశ్న ఉంది. ఓడినవాళ్ల సంగతేంటి? అసలు లాటరీలో పేరివ్వలేని వాళ్లు? కన్సోలు, నెట్టు, తలుపేసుకోవడానికి ఒక గది, ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం, ఇవన్నీ ఉన్నవాడికే ఈ ఊరట. ఆస్పత్రిలో పనిచేసినవాళ్లు, సరుకులు ఇంటింటికీ మోసినవాళ్లు ఏ దీవిలో గుడారం వేశారు? 2020 ఏప్రిల్‌లో ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లో అమెరికా ర్యాపర్ ట్రావిస్ స్కాట్ కచేరీ పెడితే ఒకేసారి 1.23 కోట్ల మంది చూశారని ఇప్పటికీ మురిసిపోతారు. ఆ పూట ఎవరి పని ఎవరు చేశారు?

నైట్ డ్యూటీ:
ఆస్పత్రిలో పనిచేసినవాళ్ల తరఫున మీరు మాట్లాడక్కర్లేదండీ, నేను ఉన్నాను.

ఐసీయూలో నర్సుని. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇంట్లో వాళ్లకి దూరంగా పడుకునేదాన్ని. పడుకున్నాక చెవుల్లో మానిటర్ల మోత. ఆగదు. పుస్తకం తెరిస్తే ఒకే లైను మళ్లీ మళ్లీ. సినిమా పెడితే అందులో ఎవరో ఒకరు చచ్చిపోతారు. టెట్రిస్ ఒక్కటే పనిచేసింది. ఫోన్లోనే, కన్సోలూ లేదు గదీ లేదు. పైనుంచి ముక్క దిగుతుంటే దాన్ని ఎటు తిప్పాలా అన్నది తప్ప ఇంకో ఆలోచనకు బుర్రలో చోటుండదు. భయంకరమైన దృశ్యాలు పదేపదే కళ్ల ముందుకు రావడం టెట్రిస్ ఆడితే తగ్గుతుందా అని శాస్త్రవేత్తలు 2009 నుంచే పరీక్షిస్తున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు అదేం తెలియదు. వేళ్లు కదులుతుంటే మోత ఆగేది, నిద్ర పట్టేది.

మొహం చాటేశానంటారా? చాటేశాను. మర్నాడు రాత్రి అదే వార్డుకి వెళ్లాలి మరి. చాటేయకపోతే వెళ్లలేకపోయేదాన్ని.

ఊరికే వచ్చా:
ఒంటినిట్టాడు గారు నీళ్లు తాగి వస్తారు, ఎవరూ కదలకండి.

ఒంటినిట్టాడు:
వచ్చాను. నైట్ డ్యూటీ గారూ, మీరు చేసింది నా మొదటి పోస్టులో చెప్పిన ఊరటే: పక్కకు వెళ్లి, తిరిగొచ్చి, ఎదుర్కొన్నారు. మీ మీద నాకు పేచీ లేదు. వానకోయిల గారి మీద కూడా లేదు. ఆ ఇద్దరి ఆటలూ చూడండి, ఎప్పుడంటే అప్పుడు ఆపేయొచ్చు. నా పేచీ ఆపడం కుదరని వాటితో. చైనాలో 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ గేమ్స్ అని రూలు పెట్టారు. అంత మోటు రూలు నేనూ ఒప్పుకోను. కానీ "ఇవాళ్టికి చాలు, వెళ్లి పడుకో" అని తనంతట తాను చెప్పే పెద్ద గేమ్ ఒక్కటి చూపించండి.

పాత జాయ్‌స్టిక్:
చూపించాను కదా. పదింటికి దుకాణం మూసేసే గేమ్.

ఒంటినిట్టాడు:
దాంట్లోనూ కన్సోల్ గడియారాన్ని ముందుకు తిప్పేసి, రేపటి దుకాణాన్ని ఇవాళే తెరిపించుకున్నవాళ్లు కోకొల్లలు. "టైమ్ ట్రావెల్" అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. గేమ్ చాలన్నా మనిషి చాలనలేదు.

పాత జాయ్‌స్టిక్:
ఇంతసేపూ తప్పు గేమ్స్‌ది అన్నారు. ఇప్పుడు మనిషిది అంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పండి, నేను రేపొచ్చి చదువుతాను.