శెనక్కాయల బూజు విషానికి పెరుగు విరుగుడా?

మెట్టసేద్యం (ఉదయగిరి):
శెనక్కాయల పచ్చడిలో గడ్డపెరుగు కలుపుకుంటే బూజు విషం ఒంటికి పట్టదనే మాట వాట్సాప్‌లో తిరుగుతోంది. దీన్ని ఉత్త పుకారని కొట్టిపారేయడం తప్పంటాను. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే బాక్టీరియాలో జీజీ, ఎల్‌సీ-705 అనే రకాలు ల్యాబ్‌లో ఈ బూజు విషాన్ని, అంటే అఫ్లాటాక్సిన్ బీ1ని, 80 శాతం దాకా పట్టుకున్నాయని 1998లోనే తేలింది. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 90 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళ మీద పరీక్ష చేస్తే, అయిదు వారాలకి మూత్రంలో విషపు జాడ 55 శాతం తగ్గింది.

తోడు_ఒంగోలు:
అన్నా, అక్కడ ఇచ్చింది పెరుగు కాదు. ఎల్‌సీ-705నీ, ప్రొపియోనిబాక్టీరియం అనే ఇంకో రకాన్నీ ఎంచి, కొలిచి, రోజుకి రెండుసార్లు ఇచ్చారు. పట్టుకునే గుణం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. మనింటి తోడులో ఏ రకం ఉందో ఎవరికి తెలుసు? ల్యాబ్‌లో ఆ ఫలితం రావాలంటే మిల్లీలీటరుకు వందల కోట్ల కణాలు కావాల్సొచ్చింది. ఒక వంతు పెరుగుకి నాలుగు వంతుల నీళ్ళు పోసి చిలికామంటే ఆ సంఖ్య అయిదో వంతుకి పడిపోతుంది.

ఇంకోటి, బాక్టీరియా విషాన్ని విరగ్గొట్టదు. దాని గోడకి విషం అంటుకుంటుంది, అంతే. ల్యాబ్‌లో కడిగితే కొంత ఊడొస్తుంది కూడా. విషం చిన్నపేగు మొదట్లోనే గబగబా రక్తంలోకి ఎక్కుతుంది కాబట్టి రెండూ ఒకే ముద్దలో ఉండాలి. పొద్దున పచ్చడి తిని రాత్రి మజ్జిగ తాగితే ఏం లాభం?

వంటిల్లు_నెల్లూరు:
మరి మజ్జిగ పులుసు కాస్తే ఆ కాస్త బాక్టీరియా కూడా చస్తుంది కదండీ?

తోడు_ఒంగోలు:
చచ్చినవి కూడా పట్టుకుంటాయండీ. వేడి చేసి చంపిన కణాలు ల్యాబ్‌లో బతికున్నవాటికి తీసిపోలేదు. పని చేసేది ప్రాణం కాదు, గోడ.

గేదెలపాక (దర్శి):
అసలు పెరుగులోనే విషం ఉంటే? బూజుపట్టిన శెనక్కాయల చెక్క (నూనె తీసాక మిగిలే పిప్పి) గేదెకి పెడితే బీ1 కాస్తా ఎం1 అనే ఇంకో రకం విషంగా మారి పాలలోకి దిగుతుంది. తిన్నదాంట్లో సుమారు 1 నుంచి 6 శాతం. ఒక్క రోజులోనే కనబడుతుంది, ఆ చెక్క ఆపేసిన మూడు నాలుగు రోజులకి గానీ పోదు. పాలు కాచినా పోదు, తోడేసినా పోదు. మన దేశంలో పాలలో ఎం1కి హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములు. కాయ పనికిరాదని ఏరి, దాన్నే గానుగకి పంపి, ఆ చెక్క గేదెకి పెట్టే ఇంట్లో పెరుగుని విరుగుడు అనుకోవడం నాకు భయంగా ఉంది. ఏరిన గింజ చెక్కలోకి పోకూడదు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తాను.

మెట్టసేద్యం (ఉదయగిరి):
చెక్క సంగతి ఒప్పుకుంటా. కానీ ఎంత ఏరినా కంటికి కనబడని కొద్దిపాటి విషం రోజూ లోపలికి పోతూనే ఉంటుంది. దానికి పెరుగు అడ్డు కాదా?

తోడు_ఒంగోలు:
కొంత అడ్డు కావచ్చు, కాదనను. పెరుగు మానమని ఎవరూ అనడం లేదు. వాసనొచ్చిన కాయని పెరుగు ధైర్యంతో తినడమే తప్పు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

విషం బస్తా అంతా సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే దాదాపు అంతా ఉంటుంది. అందుకే ఏరడానికి అంత విలువ. ముడతలు పడ్డవీ, రంగు మారినవీ, పురుగు తొలిచినవీ తీసెయ్యండి. పైకి నున్నగా ఉన్న గింజని కూడా అక్కడక్కడా బద్దలు విప్పి చూడండి. ఆ రెండు బద్దల మధ్య సందులో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి ఉంటే అదే ఆ బూజు. ఆ గింజ నాలిక మీద పెడితే చేదు తగులుతుందంటారు గానీ, ఆ పరీక్ష మాత్రం చెయ్యొద్దు.

మెట్టసేద్యం (ఉదయగిరి):
అయితే అసలు పని కల్లంలోనే. పీకిన చెట్టుని కాయలు పైకొచ్చేలా తిరగేసి ఎండబెట్టాలి. తేమ 8 శాతానికి దిగాలి. కాయ ఊపితే గలగలమనాలి, గింజ మీది పొర వేళ్ళతో నలిపితే ఊడాలి. వాయుగుండం వచ్చినప్పుడు పట్ట కప్పి, వాన తెరిపిచ్చాక కూడా తియ్యకపోతే లోపల ఉక్కబట్టి రెండు రోజుల్లో బూజు లేస్తుంది.

గేదెలపాక (దర్శి):
కాయ కొట్టే మిషన్ దగ్గర కూడా చూసుకో అన్నా. పప్పు విరగకుండా నీళ్ళు చల్లుతారు. చల్లిన పప్పుని ఆ పూటే ఆరబెట్టకుండా బస్తాకెత్తితే, నువ్వు కల్లంలో పడ్డ పాటంతా అక్కడ పోతుంది.