అప్‌డేట్: జపాన్ మరణాల రేటుపై నా సందేహం తీరింది

ఆయుర్దాయంలో ముందు వరుసలో ఉండే జపాన్‌లో, 1980 ప్రాంతంలో వెయ్యి జనాభాకు సుమారు 6గా ఉన్న మరణాల రేటు 2023 నాటికి 13కు ఎందుకు చేరిందని ఇదివరకు అడిగాను. వయసులవారీగా విడదీసి చూడమన్న సలహాను పాటించి, కాగితం మీద ఒక ఊహాలెక్క వేశాను.

వెయ్యి మంది ఉన్న ఊరిలో 65 ఏళ్లు దాటినవారు 90 మంది అనుకుని, ఏటా వారిలో వెయ్యికి 50 మంది, మిగతావారిలో వెయ్యికి ఇద్దరు చొప్పున మరణిస్తారనుకుంటే మొత్తం 6.3 వచ్చింది. తరువాత వృద్ధులను 290కి పెంచి (జపాన్‌లో వారి వాటా 9 శాతం నుంచి 29 శాతానికి పెరిగింది), వైద్యం మెరుగైందన్న లెక్కన ఆ రేట్లను 40కి, ఒకటికి తగ్గించాను. అయినా మొత్తం 12.3 తేలింది! రెండు వర్గాల్లోనూ మరణాలు తగ్గినా ఊరి రేటు దాదాపు రెట్టింపు కావడం చూసి, కూడికలో పొరపాటేమోనని మళ్లీ సరిచూసుకున్నాను. అంటే, మరణాలు ఎక్కువగా ఉండే వృద్ధుల వాటా పెరగడమే దీనికి కారణం.

మన దేశంలోనూ 2020 నమూనా నమోదు గణాంకాల ప్రకారం కేరళ రేటు 7.0 కాగా, యువజనాభా ఎక్కువగా ఉన్న బీహార్‌ది 5.4 మాత్రమే. అందువల్ల ఇకపై రాష్ట్రాలను పోల్చేటప్పుడు వయో ప్రామాణిక రేటునే (అన్నిచోట్లా వయసులవారీ వాటాలు ఒకేలా ఉన్నాయనుకుని లెక్కించే రేటు) తీసుకుంటాను.