క్రిస్మస్‌కి దాతలకు శాలువా కప్పడం గౌరవమా, పక్షపాతమా?

ఒంగోలు కుర్రాడు:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఈసారి క్రిస్మస్ ఆరాధనకి కొత్త పద్ధతి పెడుతున్నారు. చర్చి స్లాబుకి 50 వేలు, ఆ పైన ఇచ్చినవాళ్లని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారట. ముందు వరుస కుర్చీలు కూడా వాళ్లకేనట. మిగతావాళ్లం ఎప్పటిలాగే చాపల మీద. కమిటీలో వద్దన్నది నేనొక్కడినే. మీ సంఘాల్లో ఎలా ఉంది?

తెనాలి సంఘపెద్ద:
తప్పేముంది తమ్ముడూ? "ఘనతవిషయములో ఒకని నొకడు గొప్పగా ఎంచుకొనుడి" అని రోమా 12:10లోనే ఉంది. మొదటి తిమోతి 5:17లో అయితే రెట్టింపు సన్మానం అన్న మాటే ఉంది. ఇచ్చినవాణ్ణి నలుగురిలో మెచ్చుకుంటే ఇంకో నలుగురు ఇస్తారు. పాతికేళ్లుగా సంఘం లెక్కలు రాస్తున్నవాణ్ణి, చెబుతున్నా. పాటలు పాడితే స్లాబు పడదు.

టీచరమ్మ:
అన్నయ్యగారూ, 5:17 చెప్పేది వాక్యంలో ప్రయాసపడే పెద్దల గురించి, చెక్కు రాసినవాళ్ల గురించి కాదు. దాతల సంగతి కావాలంటే యాకోబు 2 తీయండి. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం కింద చోటు. అచ్చం మీ కుర్చీలూ చాపలే.

అమలాపురం గాలి:
మా దగ్గర అందరికీ ప్లాస్టిక్ కుర్చీలే. గొడవంతా ఫ్యాను కింద ఎవరు కూర్చోవాలనే.

తెనాలి సంఘపెద్ద:
మా దగ్గర కుర్చీలు వేసింది మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం. నాకు 68. చాప మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. దీన్ని కూడా పక్షపాతం అంటే ఎలా?

టీచరమ్మ:
మోకాళ్లు డబ్బున్నవాళ్లకే నొప్పెడతాయా? మా అమ్మ మా ఊరి చర్చి 22 ఏళ్లు ఊడ్చింది. శనివారం సాయంత్రం ఊడ్చి, చాపలు పరిచి, ఆదివారం తలుపు పక్కన కూర్చునేది. చివరి రోజుల్లో గోడ పట్టుకుని లేచేది. ఒక్కరూ కుర్చీ జరపలేదు. పోయాక మాత్రం శాలువా తెచ్చారు, పెట్టె మీద కప్పడానికి.

బ్రదర్ హైదరాబాద్:
ఆమెన్ సిస్టర్. ప్రార్థిద్దాం.

తెనాలి సంఘపెద్ద:
మీ ఇంటి బాధ అర్థమైంది. అందుకని అన్ని సంఘాలనీ ఒకే గాటన కట్టకండి. అసలు మీరు ఏ పేటవాళ్లో మాటలోనే తెలుస్తోంది. ప్రతిదానికీ మమ్మల్ని తప్పుపట్టడం మీవాళ్లకి అలవాటే.

ఒంగోలు కుర్రాడు:
పెద్దాయనా, 'మీవాళ్లు' ఏంటి?

టీచరమ్మ:
ఉండు బాబూ, నన్ను చెప్పనీ. అవును, మాది మాదిగపేట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఆ కథ వింటూనే పెరిగాం. అంతకుముందు ఒంగోలులో పైకులాలవాళ్లు అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారితో, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. ఆయన మొదటి కొరింథీ 1:26, అంటే దేవుడు పిలిచినవాళ్లలో గొప్ప వంశంవాళ్లు ఎక్కువమంది లేరన్న మాట చదువుకుని మావాళ్లనే చేర్చుకున్నారు. ఇప్పుడు మా ఊళ్లో ఆ మాట అంటున్నది మాలపల్లె సంఘం. రెండు చర్చిలు, మధ్యలో రోడ్డు. మా తమ్ముడికి అక్కడ సంబంధం అడిగితే, అబ్బాయి మంచివాడే గానీ అంటూ ఫోన్ పెట్టేశారు.

తెనాలి సంఘపెద్ద:
పెళ్లి వేరు, సంఘం వేరు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర మేం ఎవర్నీ ఆపలేదు. మాకు మాత్రం అవమానాలు లేవా? మా సంఘంలోనే పైకులం నుంచి వచ్చి చేరిన ఒక కుటుంబం ఉంది. మావాడి సంబంధం మాట్లాడదామని వెళ్తే వరండాలోనే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపారు.

టీచరమ్మ:
అది ముందే చెప్పాల్సింది అన్నయ్యగారూ. వాళ్లు మీ చర్చిలో ఎక్కడ కూర్చుంటారు?

తెనాలి సంఘపెద్ద:
ముందు వరుసలో. స్లాబు సగం ఆయన డబ్బే.

దోర్నకల్ మనవడు:
1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు తెల్ల మిషనరీలని అడిగింది కూడా ఇదే, సమానంగా చూడమని. మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు.

తెనాలి సంఘపెద్ద:
చరిత్ర పాఠం ఎవరడిగారు? నేనింక ఇక్కడ రాయను.

అమలాపురం గాలి:
మూడోసారి ఈ మాట.

ఒంగోలు కుర్రాడు:
నేనడిగింది శాలువాల గురించి. అవి నిన్ననే వచ్చేశాయి, మొత్తం 9. ఇచ్చినవాళ్లు 8 మందే. తొమ్మిదోది పాస్టర్ అయ్యగారికట.