ఈ వారం సమస్య: “వరద వచ్చె నూర వాన లేక”

నిర్వాహకుడు: పాదం వినగానే నచ్చింది, పెట్టేశాను. ఇదే చివరి పాదమయ్యేలా, పొసగని మాటకు అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఆదివారం రాత్రి దాకా గడువు.

లంకవాసి:
శబరి పొంగె ననుచు జనులు చెప్పిన రాత్రి
లంక తోట మునిగె నీట నేడు
పొద్దు పొడుచు వేళ పొలమెల్ల చెరువాయె
వరద వచ్చె నూర వాన లేక

శబరి ఏరు పొంగితే గోదావరి మధ్య దిబ్బలమీది మా లంక ఊళ్లలో జరిగేదే రాశానండి.

ముక్తేశ్వరం మాస్టారు: రెండో పాదంలో యతి పోయింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కుదరలేదు. ‘లం’కి ‘నీ’ ఎలా కుదురుతుంది? పైగా పైన రాత్రి అన్నాక ఈ ‘నేడు’ ఎందుకు? “లంక తోట మునిగె లాంతరారె” అనండి. అయినా ఇందులో విరుపు, అంటే ఇచ్చిన మాటకు కొత్త అర్థం తిప్పే చమత్కారం, ఏది? నా పూరణ:

కరవు మాపు మనుచు కన్నతల్లిని గొల్వ
గరగ లెత్తి యాడ గడప గడప
పసుపు కుంకుమలను పంచుచు కరుణించి
వరద వచ్చె నూర వాన లేక

వరద అంటే వరాలిచ్చే తల్లి. గరగలంటే జాతరలో తలకెత్తుకుని ఆడే అమ్మవారి ఘటాలు. వాన లేకపోబట్టే వచ్చింది.

కోనసీమ కోడలు: మాస్టారూ, “వాన లేక”ను కారణంగా మార్చడం చాలా బాగుంది. కానీ కరవు తీర్చమని మొక్కితే పసుపు కుంకుమలు పంచి ఊరుకుందా? వాన మాటేమిటి?

లంకవాసి గారి పద్యంలో విరుపు లేదంటే మాత్రం ఒప్పుకోను. శబరి ఎక్కడో కూనవరం దగ్గర గోదాట్లో కలుస్తుంది. ఆ నీళ్లు మన లంకలకు చేరేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు. భద్రాచలంలో గోదారి నీటిమట్టం 43 అడుగులు, మొదటి హెచ్చరిక అనగానే సామాను అటకెక్కించేవాళ్లకు ఈ పాదంలో వైరుధ్యమే కనబడదు. అది అబద్ధం కాదని చూపించడమూ పూరణే.

ముక్తేశ్వరం మాస్టారు: మరి మునుపు నేను రాసిన కొబ్బరి దింపు పద్యాన్ని “ఉన్నదున్నట్టు రాశారు, కవిత్వమేది” అన్నారే?

కోనసీమ కోడలు: అందులో రాలిన కాయలే ఉన్నాయి, చెట్టెక్కినవాడి ఊసే లేదు. ఇక్కడ లాంతరు ఆరిందంటే ఆ ఇంట్లో ఓ మనిషి మేలుకుని ఉన్నట్టే కదా.

లంకవాసి: ఆ లాంతరు మాస్టారిదే. దాంతో పద్యానికి ప్రాణం వచ్చింది.

ముక్తేశ్వరం మాస్టారు: సరే, నా మూడో పాదం ఇలా మారుస్తున్నాను: “పైరు నిలుపు వాన పైటలో మూటగా”.

కోనసీమ కోడలు: ఇప్పుడు తల్లి ఉత్త చేతులతో రాలేదు! నా ఓటు దీనికే.

నిర్వాహకుడు: నాది ఇంకా లంకవాసి గారి వైపే. మిగతావాళ్లు కూడా పంపండి.