శ్రీకాకుళంలో కొన్న ఫోను, బరంపురంలో సర్వీసు: ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

పర్లాకిమిడి వాసి:
ఒడిశాలోని మా ఊరి దుకాణంలో చెప్పిన ధరకన్నా పదిహేను వందలు తక్కువకు వస్తోందని శ్రీకాకుళంలో ఫోను కొన్నాను. వారంటీ ఉండగానే తెర మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత పడింది. ఫోను కింద పడలేదు, తడవలేదు. బరంపురం సర్వీసు సెంటరులో సిమ్ ట్రే తీసి, లోపలికి టార్చి వేసి చూసి, నీరు తగిలితే రంగు మారే తేమ గుర్తు ఎర్రబడింది కనుక వారంటీ వర్తించదన్నారు. తెర మార్చాలంటే ఫోను ధరలో దాదాపు సగం అవుతుందట. పైగా బిల్లు ఆంధ్రాది కాబట్టి కొన్నచోటే అడగమన్నారు. అమ్మిన దుకాణదారేమో అది కంపెనీ వ్యవహారమంటున్నారు. అసలు ఈ ధర తేడా రెండు రాష్ట్రాల పన్నుల వల్ల వచ్చిందా? ఫిర్యాదుకు శ్రీకాకుళం వెళ్లాలా? నాకు ఒడియా మాట్లాడటమే గాని రాయడం రాదు.

పాతపట్నం దుకాణదారు:
పన్ను వల్ల కాదండీ. వ్యాట్ ఉన్న రోజుల్లో రాష్ట్రానికో రేటు ఉండేది కాబట్టి సరిహద్దు దాటి కొనడంలో అర్థముండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ తేడా పోయింది. ఫోన్ల మీద 12 శాతం ఉన్న పన్ను 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతమై, పర్లాకిమిడిలోనైనా మా ఊళ్లోనైనా ఒకటే. పెట్టె మీద ముద్రించిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు లోపల ఎంత తగ్గించి అమ్మాలన్నది దుకాణదారు ఇష్టం. ఎక్కువ సరుకు ఎత్తే పట్టణం షాపులకు కంపెనీలు ఇచ్చే ప్రోత్సాహకాలు మాలాంటి చిన్నవాళ్లకు రావు. అయితే మా దగ్గర కొన్న ఫోను చెడిపోతే మేమే సర్వీసు సెంటరుకు పంపించి, బాగుచేయించి తెప్పిస్తాము. ఆ పదిహేను వందలలో ఈ శ్రమ కూడా ఉంది.

గుణుపురం పాఠకుడు:
ఆ మాట బిల్లు మీద రాసిస్తే నేనూ మీ దగ్గరే కొంటాను. నోటిమాట వారంటీకి ఎక్కువ డబ్బు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఆన్‌లైన్‌లో కొన్నవారికి కనీసం 2020 నాటి ఈ-కామర్స్ నియమాలున్నాయి: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి.

రాయగడ న్యాయవాది:
పర్లాకిమిడి వారూ, మీరు శ్రీకాకుళం వెళ్లనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షను ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ, సర్వీసు సెంటరు, దుకాణం ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. అప్పుడు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం కుదరదు. వస్తువు విలువ 5 లక్షల లోపు కనుక రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆ హెల్ప్‌లైన్ పనిచేసే 17 భాషల్లో తెలుగు ఉంది. అయితే అది కంపెనీకి నచ్చజెప్పగలదే గాని ఆదేశించలేదు. కమిషన్‌కు ఇచ్చే కాగితం మాత్రం ఇంగ్లీషులో రాయించుకోండి.

తేమ గుర్తు విషయం తేలికగా వదలకండి. గాలిలోని మామూలు తేమకు కాక, నీరు నేరుగా తగిలితేనే రంగు మారేలా దాన్ని తయారు చేస్తారు. అందుచేత దాని ఫోటో తప్పక అడగండి. గుర్తు ఎర్రబడిందనే అనుకున్నా, గీతకు కారణం ఆ తేమేనని వారు చూపించాలి కదా! ఇదే ఆకుపచ్చ గీత వచ్చిన కొన్ని మోడళ్లకు కొన్ని కంపెనీలు వారంటీ దాటాక కూడా ఉచితంగా తెర మార్చాయి. అవసరమైతే కమిషన్ ఫోనును ప్రయోగశాలకు పంపగలదు. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది; ఆచరణలో వాయిదాలు పడతాయనుకోండి.

పర్లాకిమిడి వాసి:
కృతజ్ఞతలండీ. సర్వీసు సెంటరువారు ఇచ్చిన జాబ్ షీట్ మీద “కస్టమరు మరమ్మతు వద్దన్నారు” అని మాత్రమే రాసిచ్చారు. అది సరిపోతుందా?

రాయగడ న్యాయవాది:
సరిపోదు, మీకే ఎదురు తిరుగుతుంది. వారంటీ ఎందుకు నిరాకరించారో రాతపూర్వకంగా తెలపమని కంపెనీకి ఈరోజే ఈమెయిలు పంపి, ఆ జాబ్ షీటు నంబరు అందులో వేయండి. జవాబు వచ్చేవరకు బయట ఎక్కడా ఫోను విప్పించకండి.