సంతలో కాటా దగ్గర కూర్చోమంటున్నారు, యేసు మాట ప్రకారం ఏం చేయాలి?

రాయగడ తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది రాయగడ. మా మేనమామది చింతపండు వ్యాపారం, చాటికోన బుధవారం సంతలో, చుట్టుపక్కల ఊళ్లలో కొని పార్వతీపురం వైపు లారీకెత్తిస్తాడు. ఈ సీజన్ నుంచి కాటా నువ్వే చూసుకోరా అంటున్నాడు. నా టెన్షనంతా ఇక్కడి పద్ధతి గురించే. కొండమీది అమ్మలు మూట నెత్తిన పెట్టుకుని దిగుతారు, కాటా పన్నెండు కిలోల ఏడు వందల గ్రాములు చూపిస్తే ఆ ఏడు వందలు అసలు లెక్కలోకే రావు, ఆపైన దుమ్ముకీ తేమకీ తరుగని ఇంకో కిలో పోతుంది, చివరికి ఆమె చేతికి వచ్చేది పదకొండు కిలోల డబ్బే. కాటా మీద అంకె మావైపే తిరిగి ఉంటుంది. అలాగని మామయ్య చెడ్డవాడు కాదు, దశమభాగం ఎప్పుడూ తప్పడు, చర్చి ప్రహరీ గోడ ఆయన డబ్బుతోనే లేచింది. "అందరూ తీసేదే, తరుగు లేకపోతే వ్యాపారమే లేదు" అంటాడు. ఆదివారం యేసు చేసిన కొండమీది ప్రసంగం చదివి బుధవారం ఈ పని చేయడం నా వల్ల కాదు. పని వదిలేయాలా, ఉండి మార్చాలా? ప్రార్థన చేయమని మాత్రం చెప్పి వదిలేయకండి, అది చేస్తూనే ఉన్నాను.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, మంచి ప్రశ్న అడిగావు. లూకా 6:38 మన చర్చిల్లో ఎప్పుడు చదువుతారు? కానుక సంచి తిప్పేటప్పుడు. అణచి, కుదిలించి, దిగజారేటట్టు నిండు కొలత అని. కానీ యేసు ఆ మాట చెప్పేటప్పుడు విన్నవాళ్ల కళ్లముందు మెదిలింది సంచి కాదు, గింజలు కొలిచే మనిషి, ఒడి పట్టిన మనిషి. మీరు ఏ కొలతతో కొలుస్తారో ఆ కొలతతోనే మీకు కొలవబడుతుందన్నది కూడా ఆ వచనంలోనే ఉంది, మనం సగం చదివి ఆపేస్తాం. ఆ వచనాన్ని ముందు చాటికోనలో చదవాలి. ఇక పని వదలడం సంగతి. యేసు మత్తయిని పిలిచినప్పుడు ఆయన సుంకపు మెట్టు, అంటే పన్ను వసూలు చేసే చోటు, విడిచి లేచి వెళ్లాడు, నిజమే, కానీ పన్ను వసూలు చేసేవాళ్ల పెద్ద జక్కయ్యను ఉద్యోగం మానుకోమని యేసు చెప్పినట్టు ఎక్కడా లేదు. అంతకు ముందు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే ఆ పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి మేమేం చేయాలి అని అడిగితే, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అంతే (లూకా 3:13). వ్యాపారం పాపం కాదు, ఆ ఏడు వందల గ్రాములు పాపం.

బరంపురం వ్యాపారి:
నేనూ విశ్వాసినే, కానీ కొంచెం ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. అవతల మిల్లువాడు మన దగ్గర తరుగు తీస్తాడు, లారీలో ఎండి బరువు తగ్గుతుంది, ఆ నష్టం ఎవరు భరించాలి? పాముల్లా వివేకంగా ఉండమని కూడా ప్రభువే చెప్పాడు కదా. ఈ తమ్ముడొక్కడు మారితే సంత మారదు, పక్క సావుకారు ఇంకా పెరుగుతాడు.

గుణుపురం అక్క:
బరంపురం అన్నా, ఆ వాక్యం పూర్తిగా చదవండి, పావురాల్లా నిష్కపటంగా ఉండమని కూడా అందులోనే ఉంది. పైగా అది తోడేళ్ల మధ్యకి వెళ్తున్న గొర్రెలకు చెప్పిన మాట. సంతలో గొర్రె ఎవరు, మనమా, లెక్క అర్థం కాక మన మొహం చూసే, కువి భాష మాట్లాడే కొండమీది అమ్మా?

నష్టం మాట మాత్రం నిజమే, నేను పదార్థాలు తూచే కిరాణా కొట్టుదాన్ని, నాకు తెలుసు. తేమ ఉంటుంది, మట్టి ఉంటుంది. దానికి దారి రేటులో ఉంది తమ్ముడూ, తూకంలో కాదు. సరుకు ఆమె ముందే తట్టలో పోసి చూడు, తడిగా ఉంటే "ఇది పచ్చిగా ఉంది, కిలోకి ఇంత తక్కువిస్తాను" అని నోటితో చెప్పు. ఇష్టమైతే అమ్ముతుంది, లేకపోతే పక్క కాటాకి వెళ్తుంది, ఆ హక్కు ఆమెకి ఉండాలి. యేసు చెప్పిన అవునంటే అవును, కాదంటే కాదు అన్న మాటకి నాకు అర్థమైనది ఇదే. కాటా అంకె ఆమెవైపు తిప్పు. చదువురాని వాళ్లకి వాళ్ల భాషలో అంకె చెప్పు. ఖాళీ గోనె పెట్టి సున్నా చేశాకే మూట ఎక్కించు, గ్రాములకి కూడా డబ్బు కట్టు. ఇంకోటి, 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం కొనేటప్పుడు మోసం చేసి ఎక్కువ తీసుకోవడం కూడా నేరమే, మామయ్యకి బైబిల్‌తో పాటు ఇదీ చెప్పొచ్చు.

రాయగడ తమ్ముడు:
అక్కా, రేటు తగ్గించి తూకం నిజంగా వేయడం నాకు తట్టనేలేదు, థాంక్స్. మాస్టారూ, జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చాడు కదా. ఇన్నేళ్లు తీసిన తరుగు సంగతి మామయ్యతో ఎత్తాలా?

పర్లాకిమిడి మాస్టారు:
ఎత్తు, కానీ చర్చి కమిటీలో కాదు. మత్తయి 18:15 ప్రకారం ఇంట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు. ధర్మశాస్త్రంలో తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదోవంతు కలిపి ఇవ్వాలని ఉంది (సంఖ్యాకాండము 5:7), జక్కయ్య ఎవరూ అడక్కుండానే నాలుగంతలన్నాడు. అయితే క్రమం గమనించు, యేసు ముందు ఆయన్ని పేరుపెట్టి పిలిచాడు, ఆయన ఇంటికి వెళ్లాడు, లెక్క ఆ తర్వాత వచ్చింది. నువ్వు కూడా మామయ్య ముందు చిట్టా విప్పొద్దు. ఈ సీజన్ తూకం సరిగా వేయనివ్వమని మాత్రం అడుగు, పాత సంగతి ఆయన నోటనే రానీ. ఆ మూటలు తెచ్చే ఇళ్లు ఏవో ఆయనకి తెలుసు.

రాయగడ తమ్ముడు:
ఆయన కాదంటే?

గుణుపురం అక్క:
కాదంటే కాటా దగ్గర కూర్చోకు. గోడౌన్‌లో పండు ఆరబెట్టే పని, లోడింగ్ పని అడుగు, జీతం తగ్గినా ఒప్పుకో. ఎందుకు కూర్చోవట్లేదో మాత్రం దాచకుండా చెప్పు, కోపంగా కాకుండా.